చలికాలం పొద్దున పాత కారు సెల్ఫ్ అందుకోవాలంటే: ఇంటి గ్యారేజీలో చేసుకునే పని

చలి మొదలైన తొలి వారంలోనే పాత కార్లు మొండికేస్తాయి. తాళం తిప్పితే సెల్ఫ్ ఈడ్చుకుంటూ రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. లేదంటే ఇంజిను తిరుగుతూనే ఉంటుంది గానీ అందుకోదు. చాలామంది వెంటనే కొత్త బ్యాటరీ కొంటారు. కొన్నాళ్లు బాగుంటుంది, ఆ తర్వాత మళ్లీ అదే వరస. లోపం బ్యాటరీలో కంటే బ్యాటరీకీ సెల్ఫ్ మోటారుకీ మధ్య వైర్లలో, చిలుము పట్టిన అతుకుల్లో దొరకడమే ఎక్కువ. అందుకే ఇక్కడ చెప్పే పనికి ఒక క్రమం ఉంది: ముందు కొలవాలి, తర్వాత శుభ్రం చేయాలి, అప్పటికీ లొంగకపోతేనే భాగం విప్పాలి.

ఇదంతా కార్బొరేటరు (పెట్రోలును గాలితో కలిపే భాగం), పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే రెండు లోహపు మొనలతో స్పార్కు పుట్టించే పాత పద్ధతి) ఉన్న పెట్రోలు కార్ల గురించి. కావాల్సిన సామాను: డిజిటల్ మల్టీమీటరు, బ్యాటరీ హైడ్రోమీటరు (యాసిడ్ చిక్కదనం కొలిచేది), ఫీలర్ గేజి (సన్నటి ఖాళీలు కొలిచే రేకులు), వైరు బ్రష్షు, రింగు పానాలు, టార్చిలైటు, వంటసోడా, వ్యాజిలిన్, డిస్టిల్డ్ వాటర్. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ దొరికితే దగ్గర పెట్టుకోండి. ఇక్కడి అంకెలకూ మాన్యువల్‌కూ తేడా వస్తే మాన్యువల్ మాటే నమ్మండి.

పని మొదలుపెట్టే ముందు

చలి వేస్తోందని గ్యారేజీ తలుపు మూసి ఇంజిను నడపకండి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తల బరువెక్కి మగత కమ్మేసరికి లేచి తలుపు దాకా నడిచే శక్తి ఉండదు. తలుపు సగం తెరిచినా చాలదు. బండిని బయటికి తోసి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. మూలన వెలుగుతున్న హీటరు దాకా అది చేరడానికి ఎంతోసేపు పట్టదు. కార్బొరేటరు గానీ పెట్రోలు పైపు గానీ విప్పే రోజు హీటరు ఆపేసి స్వెట్టరు వేసుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. జాకీ ఎత్తడానికే, బరువు ఆపాల్సింది స్టాండ్లు. గట్టి నేలమీద స్టాండ్లు పెట్టి, జాకీ దించి, బండిని చేత్తో ఊపి చూసి అప్పుడు దూరండి.

బ్యాటరీ: అంకె ఏం చెబుతుంది

చలికి రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి. సున్నా డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇవ్వగలిగేది దాని సత్తాలో సుమారు 80 శాతం. మైనస్ 18 డిగ్రీల దగ్గర సుమారు సగం. అదే సమయానికి ఇంజినాయిలు చిక్కబడి, ఇంజిను తిప్పడానికి మామూలుకంటే ఎక్కువ బలం కావాలి. ఇచ్చేది తగ్గుతుంది, అడిగేది పెరుగుతుంది.

బండి నడిపిన వెంటనే వోల్టేజి చూస్తే అది అబద్ధం చెబుతుంది. రాత్రంతా ఆగి పొద్దున చూడండి. ఆగలేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆపి, ఐదు నిమిషాల తర్వాత కొలవండి. 12.6 నుంచి 12.7 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే అడుగంటింది. సగం కంటే దిగిన బ్యాటరీతో కింది పరీక్షలేవీ చేయకండి, ఫలితాలు తప్పుదారి పట్టిస్తాయి. ముందు చార్జి చేయండి. బ్యాటరీ మీద రాసి ఉండే ఆంపియర్ అవర్ల అంకెలో పదో వంతు కరెంటు చాలు: 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి నాలుగున్నర ఆంపియర్లు. చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. అందుకని క్లిప్పులు తీసే ముందు చార్జరు స్విచ్ ఆపాలి, లేకపోతే ఆ నిప్పురవ్వే చాలు.

మూతలు తెరుచుకునే బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్ చూడండి. నిండుగా చార్జయిన సెల్ 1.265 నుంచి 1.280 చూపిస్తుంది. ఒక సెల్‌కూ ఇంకో సెల్‌కూ తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే, దానిమీద కష్టపడటం దండగ. ఇంకో సంగతి, చల్లని యాసిడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి చలిలో హైడ్రోమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. బ్యాటరీ గది వేడికి వచ్చాక కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్లే. అది మైనస్ ఏడెనిమిది డిగ్రీలకే గడ్డకట్టొచ్చు. పక్కలు ఉబ్బి, లోపల మంచు కనిపిస్తే చార్జరు తగిలించకండి.

వోల్టేజి ఎక్కడ పోతోంది

ఈ గైడులో ఒక్క పనే చేసే తీరిక ఉంటే ఇదే చేయండి.

సెల్ఫ్ మోటారు చల్లని ఇంజినును తిప్పేటప్పుడు 150 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ లాగుతుంది. దారిలో ఎక్కడైనా ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉంటే అక్కడే వోల్టున్నర పోతుంది. మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి ఆ నూరో వంతు పట్టుకుందామంటే కుదరదు. మీటరు వైర్లకే అంతకంటే ఎక్కువ అడ్డు ఉంటుంది. బండి ఆగి ఉండగా వోల్టులు చూసినా లాభం లేదు. ఒక్క తీగ పోగు మిగిలిన వైరు కూడా మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. సెల్ఫ్ తిరుగుతుండగానే కొలవాలి.

1. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డాలు పెట్టండి.

2. ఇంజిను అందుకోకుండా, తాళం నుంచి కాయిల్‌కు (స్పార్కుకు కావాల్సిన ఎక్కువ వోల్టేజి పుట్టించేది) వచ్చే సన్న వైరు తీసి, కొసకు టేపు చుట్టండి. కాయిల్ నడిమి నుంచి వచ్చే లావు వైరు తీసి వేలాడదీయడం మంచి పద్ధతి కాదు, అక్కడ నిప్పురవ్వలు దూకుతాయి.

3. మీటరు 20 వోల్టుల డీసీలో. ఎరుపు కొస బ్యాటరీ ప్లస్ సీసపు దిమ్మె మీదే ఆనించాలి, దాని చుట్టూ ఉన్న క్లాంపు మీద కాదు. నలుపు కొస సెల్ఫ్ మోటారు లావు బోల్టు మీద.

4. ఇంకొకరిని ఐదు సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు లోపు వస్తే ఆ దారి బాగున్నట్టు.

5. ఇప్పుడు ఒక కొస మైనస్ దిమ్మె మీద, రెండోది సెల్ఫ్ మోటారు ఒంటిమీద, రంగు లేని చోట. ఇక్కడ 0.3 వోల్టు దాటకూడదు.

6. చివరగా బ్యాటరీ రెండు దిమ్మెల మధ్య. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 వోల్టుల కంటే దిగకూడదు. గడ్డకట్టే చలిలో ఇంకొంచెం తగ్గినా సర్దుకోవచ్చు.

పాత బళ్లలో కొన్నిటికి ప్లస్ వైపు ఎర్త్ ఉంటుంది, అంటే బాడీకి కలిసేది ప్లస్ దిమ్మె. వాటికి కొసలు తారుమారు చేయండి, అంకెలు అవే.

ఎక్కువ పోతున్న వైపు దొరికాక ఒక్కో అతుకు దాటుకుంటూ వెళ్లండి: దిమ్మె నుంచి క్లాంపు, క్లాంపు నుంచి వైరు, వైరు నుంచి లగ్గు (వైరు కొసన ఉండే రింగు), సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) ఒక బోల్టు నుంచి రెండో బోల్టు. సోలినాయిడ్ దగ్గర 0.3 దాటితే దాని లోపలి రాగి బిళ్ల కాలిపోయినట్టు. మీటరు లేని వేళ చేతివేళ్లతోనే ఒక పరీక్ష చేయొచ్చు. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆపి, ఒక్కో అతుకు ముట్టుకోండి. గోరువెచ్చగా తగిలిన చోటే దొంగ ఉన్నాడు.

ఎర్త్ వైపు లోపం చాలామందికి తట్టదు. ఇంజిను రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు గుండా కరెంటు పోదు. ఇంజినుకూ బాడీకీ మధ్య అల్లిక రాగి పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగితేనో తుప్పు పడితేనో కరెంటు ఊరుకోదు, చోక్ కేబులు గుండానో యాక్సిలరేటర్ కేబులు గుండానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ పిడి వేడెక్కినా, డ్యాష్‌బోర్డు వెనక ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ముందు ఆ పట్టీనే చూడండి.

శుభ్రం చేసేటప్పుడు ముందు విప్పాల్సింది ఎర్త్ వైరు, చివర బిగించాల్సిందీ అదే. అది ఉండగా రెండో దిమ్మె విప్పితే, పానా బాడీకి తగిలిన క్షణం షార్టయి నిప్పులు కక్కుతుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్షుతో దిమ్మెలు, క్లాంపులు తోమండి. ఆకుపచ్చ, తెల్లటి పొరలు బుసబుసమని నురగవుతాయి. ఆ నీళ్లు సెల్‌లలోకి పోకుండా మూతలు బిగించి ఉంచండి. కడిగి, ఆరబెట్టి, సీసం తళతళలాడేదాకా వైరు బ్రష్షుతో గీకండి. క్లాంపును సుత్తితో కొట్టి ఎక్కించకండి, లోపల ప్లేట్ల అతుకు ఊడుతుంది. కొంచెం విప్పతీసి, కిందిదాకా దించి, బిగించండి. వ్యాజిలిన్ బిగించాకే, పైపైన.

ఎర్త్ వైరు బాడీకి కలిసే చోట లగ్గు ఆనేంత మేర రంగు, తుప్పు పూర్తిగా గీకి లోహం కనిపించాలి. పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. వైరు కొస దగ్గర తొడుగు ఉబ్బినట్టుంటే ఒక అంగుళం చీల్చి చూడండి. పోగులు ఆకుపచ్చగా, పొడిపొడిగా ఉంటే వైరు మార్చాల్సిందే. 12 వోల్టుల పెట్రోలు బండికి 25 నుంచి 35 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. 6 వోల్టుల బండికి మాత్రం అది చాలదు. అదే పనికి రెట్టింపు కరెంటు పారాలి, పోగొట్టుకోవడానికి ఉన్న వోల్టులు సగమే. 6 వోల్టుల బండికి 12 వోల్టుల సన్న వైర్లు వేసి, సెల్ఫ్ బలహీనమని ఆ మోటారునే విప్పుతూ కూర్చోవడం తరచూ జరిగే పొరపాటు.

సెల్ఫ్ బాగా తిరిగినా అందుకోకపోతే

డిస్ట్రిబ్యూటర్ (స్పార్కును ఒక్కో ప్లగ్గుకు పంచే డబ్బా) మూత తీసి, లోపలి పాయింట్లు తెరిచి టార్చి వేసి చూడండి. ఒకవైపు చిన్న గుంట, ఎదుటివైపు దానికి సరిగ్గా అమరే బొడిపె కనిపిస్తే కండెన్సర్‌ను (పాయింట్ల దగ్గర నిప్పురవ్వను అణిచేది) అనుమానించాలి. పొర మాత్రమే పడితే పాయింట్ల ఆకురాయితో రెండు రుద్దులు చాలు. గుంట లోతుగా ఉంటే మార్చేయండి. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా సన్నటి పొర పూసి ఉంటుంది, స్పిరిట్ గుడ్డతో తుడవకపోతే బండి అసలే అందుకోదు. పాయింట్లను తెరిచే క్యామ్ మిట్ట మీద అవి పూర్తిగా తెరుచుకున్న చోట ఆపి ఖాళీ పెట్టండి. చాలా బళ్లకు అది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజి మీద నూనె మరక ఉంటే అది పాయింట్లకు అంటుకుంటుంది, ముందు తుడవండి. ఖాళీ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుని టైమింగు (స్పార్కు పడే సమయం) ముందుకు జరుగుతుంది. కాబట్టి ఖాళీ మార్చిన ప్రతిసారీ టైమింగు చూసుకోవాలి.

డిస్ట్రిబ్యూటర్ మూత లోపల చెమ్మ పట్టడం చలికాలపు జబ్బు. పొడిగుడ్డతో తుడిచి, ఒక రాగి మొలక నుంచి ఇంకోదానికి పెన్సిలు గీతలాంటి నల్లటి జాడ ఉందేమో వెతకండి. ఉంటే స్పార్కు ఆ దారినే పారిపోతోంది. మూత మార్చడమే మందు.

కొన్ని బళ్లలో కాయిల్‌కు బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్లే వోల్టేజి తగ్గించేది) ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం అది పక్కకు తప్పుకుని, బ్యాటరీ వోల్టేజి మొత్తం కాయిల్‌కు అందేలా ఒక వైరు ఉంటుంది. ఆ వైరు ఊడితే వేసవిలో తెలియదు. చలిలో మాత్రం తాళం వదిలిన క్షణంలోనే ఇంజిను ఒకసారి దగ్గి ఆగుతుంది. ఈ లక్షణం కనిపిస్తే ఇంకెక్కడా వెతకొద్దు.

చోక్ పిడి పూర్తిగా లాగినప్పుడు కార్బొరేటరు గొంతులో రేకు పూర్తిగా మూసుకోవాలి. లోపలికి నొక్కినప్పుడు కేబులు ఒకటిన్నర మిల్లీమీటరు వదులుండాలి. వదులు లేకపోతే వేడెక్కాక కూడా చోక్ కొంచెం పట్టే ఉండి, ప్లగ్గులు మసిబారతాయి. యాక్సిలరేటర్ పంపు (పెడలు తొక్కితే అదనంగా పెట్రోలు చిమ్మేది) ఉన్న కార్బొరేటరయితే సెల్ఫ్ కొట్టే ముందు పెడలు రెండుసార్లు తొక్కితే సాయం. ఎస్‌యూ కంపెనీ రకం కార్బొరేటరుకు ఆ పంపే లేదు, ఎంత తొక్కినా చుక్క పెట్రోలు అదనంగా పోదు.

కూలెంట్, థర్మోస్టాట్, ఆయిలు

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పోతఇనుప బ్లాకు కూడా ఆ ఒత్తిడికి పగులుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంటు, నీళ్లు సగంసగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మూడో వంతు కలిపితే మైనస్ 18 దాకా. ఎక్కువ పోస్తే ఇంకా మంచిది అనుకోవద్దు. అచ్చంగా గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, పైగా వేడిని నీళ్లంత బాగా మోయలేదు.

ఇంజిను చల్లగా ఉన్నప్పుడే మూత తీయండి. హీటరు పిడి వేడి వైపు తిప్పి, రేడియేటరు కింది కుళాయి, బ్లాకు పక్కన ఉండే కుళాయి రెండూ తెరవండి. బ్లాకు కుళాయి నుంచి ఏమీ రాకపోతే ఖాళీ అయిందనుకోకండి, బురద పట్టి ఉంటుంది. గట్టి తీగతో పొడిస్తే తుప్పునీళ్లు బొళక్కున దూకుతాయి. శుభ్రమైన నీళ్లు వచ్చేదాకా కడగండి. ఎంత కడిగినా హీటరు మూలల్లో లీటరో రెండో మిగిలిపోతాయి. ముందే కలిపి పోస్తే ఆ నీళ్లు కలిసి పలచబడుతుంది. అందుకని 8 లీటర్లు పట్టే బండికి ముందు 4 లీటర్ల చిక్కటి కూలెంటు పోసి, తర్వాత నిండేదాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఇంజిను నడిపి, గాలి బుడగలు తగ్గాక, చల్లారాక మళ్లీ నింపాలి. రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారిన తర్వాత హోస్ క్లిప్పులు ఇంకోసారి బిగించండి. మామూలు నీళ్లు కారని అతుకు నుంచి కూడా గ్లైకాల్ పాకి బయటికి వస్తుంది. అది తియ్యగా ఉండే విషం, వంచిన పాతదాన్ని పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందే చోట ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు.

వేసవిలో బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కేదాకా కూలెంటును ఆపే కవాటం) పీకేసి ఉంటే తిరిగి బిగించే సమయం ఇదే. అది లేకుండా ఇంజిను ఎప్పటికీ చల్లగానే ఉండి, ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరుతో పాటు దారంతో వేలాడదీసి చూడండి. 82 అని ముద్ర ఉన్నది ఆ డిగ్రీ దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. ఆయిలు మాట క్లుప్తంగా: 20డబ్ల్యూ-50 రకం గడ్డకట్టే చలిలో మరీ చిక్కన. మాన్యువల్ చలికాలానికి 10డబ్ల్యూ-40 లాంటిది ఒప్పుకుంటే అది పోయండి.

బండిని చలికాలమంతా కదపకుండా ఉంచేట్టయితే ఆయిలు ఇప్పుడే మార్చి, ట్యాంకు దాదాపు నిండా నింపి, స్టెబిలైజరు కలిపిన పెట్రోలు కార్బొరేటరు దాకా చేరేలా పది నిమిషాలు నడపండి. హ్యాండ్‌బ్రేకు వేయకుండా చక్రాలకు అడ్డాలు పెట్టండి, లేకపోతే బ్రేకు షూలు డ్రమ్ములకు అంటుకుపోతాయి. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసే అలవాటు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. సైలెన్సరులో, ఆయిలులో నీరు చేరుతుంది, సెల్ఫ్‌కు ఖర్చయిన చార్జి తిరిగి ఎక్కదు.

చలి రోజుల్లో బల్ల మీద పని: సెల్ఫ్ మోటారు

వైర్లు, అతుకులు అన్నీ సరిగ్గా కొలిచాయి, బ్యాటరీ నిండుగా ఉంది, అయినా ఈడుస్తోంది. అప్పుడే సెల్ఫ్ విప్పాలి. ఎర్త్ వైరు తీశాకే దాని జోలికి వెళ్లండి.

విప్పే ముందు రెండు కొసల మూతలకూ ఒంటికీ కలిపి ఒక గీత గీయండి, బిగించేటప్పుడు అదే కొలత. పొడవాటి బోల్టులు రెండూ తీసి ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) బయటికి లాగగానే దాని చుట్టుకొలత మీద చూపు వేయండి. ఒకచోట మెరుస్తున్న గీతలుంటే, బుష్ (షాఫ్టు తిరిగే చిన్న గొట్టం) అరిగి ఆర్మేచర్ లోపలి ఇనుప దిమ్మెలకు రాసుకుంటోంది. కరెంటు ఎక్కువ తాగి నెమ్మదిగా తిరగడానికి అదొక్కటి చాలు. కొత్త కంచు బుష్‌ను 24 గంటలు ఇంజినాయిలులో నానబెట్టి, షాఫ్టు కొలతకు తగిన గుండ్రటి కడ్డీతో నొక్కి దించండి. లోపల రీమర్ (రంధ్రం గీకి పెద్దది చేసే పనిముట్టు) తిప్పొద్దు, నూనె పీల్చే సన్న రంధ్రాలు మూసుకుపోతాయి.

కమ్యూటేటర్ (ఆర్మేచర్ కొసన బ్రష్షులు ఆనే రాగి పలకలు) రాగి నల్లబడితే సన్న గాజు కాగితం చుట్టి, ఆర్మేచర్‌ను తిప్పుతూ రుద్దండి. ఎమిరీ కాగితం వద్దు, దాని గరుకు రేణువులు రాగిలో దిగి, కరెంటు అందించే బ్రష్షులను తింటాయి. పక్కపక్కన రెండు పలకలు మాత్రమే కాలి ఉంటే వైండింగు తెగినట్టు, ఇక రుద్ది లాభం లేదు. బ్రష్షులు కొత్తవాటి పొడవులో సగానికి వస్తే మార్చాలి. కొత్త బ్రష్షు సోల్డరింగు చేసేటప్పుడు 100 వాట్లకు తగ్గని ఐరన్ వాడి, దాని అల్లిక తోకను అతుకుకు దగ్గరగా పట్టకారుతో పట్టుకోండి. సీసం తోక పొడవునా పాకిందంటే అది కడ్డీలా బిగుసుకుని, బ్రష్షు స్ప్రింగుతో పాటు కదలదు. ఫీల్డ్ కాయిల్ (మోటారు ఒంటి లోపల కదలని చుట్ట) అల్యూమినియందైతే దానిమీద సోల్డరు అంటదు. పాత తోకను కొంచెం వదిలి కత్తిరించి, ఆ ముక్కకే అతకాలి.

స్ప్రింగు మీద పళ్లచక్రం ముందుకు దూకే పాతరకం సెల్ఫ్ అయితే ఆ మరలను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, పొడిగానే వదిలేయండి. నూనె రాస్తే క్లచ్ దుమ్ము పట్టి, చలికి జిగురై పళ్లచక్రం ముందుకు రాదు. అది ఫ్లైవీలులో (ఇంజిను పెద్ద చక్రం) ఇరుక్కుపోతే ఇగ్నిషన్ ఆపి, టాప్ గేరులో బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, విడిపోతుంది.

బల్ల మీద తిప్పి చూడాలంటే ముందు వైస్‌లో గట్టిగా బిగించండి. చేత్తో పట్టుకుంటే కరెంటు తగిలిన క్షణంలో ఎగిరి పడుతుంది. బండికి ఎక్కించే ముందు సెల్ఫ్ ఆనే చోట రంగు, నూనె తుడిచి లోహం కనిపించేలా చేయండి, దాని ఎర్త్ ఆ ముఖం గుండానే. తర్వాత మొదట్లో తీసిన మూడు కొలతలూ మళ్లీ తీసి, తేదీ, ఆనాటి చలి ఎన్ని డిగ్రీలో కూడా కలిపి ఒక అట్టముక్క మీద రాసి బానెట్ లోపలివైపు అతికించండి. వచ్చే ఏడాది సెల్ఫ్ మళ్లీ ఈడిస్తే, ఏ అంకె మారిందో చూసి నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.